మాయమవుతున్న కథల పుస్తకం

అక్కా,

నా సాహిత్యం పరీక్ష దగ్గరపడింది. కవుల యుగాలన్నీ కంఠతా వచ్చాయి కానీ శ్లేషకీ యమకానికీ తేడా అడిగితే ఇంకా తడబడుతున్నాను. అసలు బెంగ కథల పుస్తకం గురించే. మధ్యాహ్నం నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి బల్లమీద ఉండదు, సాయంత్రానికి మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. నేను పరీక్ష తప్పాలని అత్తయ్యే దాస్తోందని అనుమానపడ్డాను.

నిన్న చప్పుడు చేయకుండా వెళ్ళి చూశాను. అత్తయ్య కిటికీ దగ్గర కూర్చుని, కూడబలుక్కుంటూ చదువుతోంది. నన్ను చూసినా పుస్తకం మూయలేదు.

"ఈ కథలో కోడలు చదువైపోగానే ఇల్లొదిలి వెళ్ళిపోయిందే. నువ్వూ అంతేనా?" అంది.

"అయ్యో, అది వట్టి కథ అత్తయ్యా."

"వట్టి కథైతే పరీక్షకెందుకు పెట్టారే?"

అప్పటినుంచి నేనెటు కదిలినా ఆవిడ చూపు నా వెంటే ఉంటోంది. మీ మరిదికి ఇంకా చెప్పినట్టు లేదు. తెలిస్తే ఈసారి చెంపదెబ్బతో పోదు.

నాకోసం చూసిన హాస్టలు గది సంగతి ఫోనులో ఎత్తకు, ఆవిడే తీస్తుంది. ఆఖరి పరీక్ష రాసి, నేరుగా నీ దగ్గరికే వస్తాను. చేతిలో పెన్ను, హాల్‌టికెట్టు తప్ప ఏమీ ఉండవు. నీ చీరలు రెండు తీసి ఉంచు.

నీ చెల్లి