పన్నెండు మైళ్ళ గీత

జూన్ 10, సోమవారం

హోటల్ గదిలో మంచం పెద్దది, కిటికీ చిన్నది. పొద్దున్నే చర్చల టైమ్‌టేబుల్ చేతిలో పెట్టారు. ఏళ్ళ తరబడి నానుతున్న ఒప్పందం ఈ శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా తేలిపోవాలట. చేపల వేటకు ప్రభుత్వాలు ఇచ్చే డీజిల్ సబ్సిడీ అన్ని దేశాలూ ఆపేయాలన్నది విషయం. పేద దేశాల చిన్న పడవలకు మినహాయింపు ఉంది, కానీ ఒడ్డు నుంచి పన్నెండు మైళ్ళ వరకే. ఆ గీత చెరిపించడానికే మా దేశం తరఫున నన్ను పంపారు.

అన్నయ్యకు ఫోన్ చేశాను. వాడిది చిన్న మోటారు పడవ. పన్నెండు అనగానే పగలబడి నవ్వాడు. నువ్వు స్కూలుకెళ్ళే రోజుల్లోనే చేపలు అది దాటి పోయాయే, అన్నాడు.

జూన్ 11, మంగళవారం

పెద్ద ఓడల దేశం ప్రతినిధిది నా ఎదురు కుర్చీ. లోలోపల పొడుగాయన అని పిలుచుకుంటున్నాను. మర్యాదస్తుడు. గీత లేకపోతే పెద్ద కంపెనీలు చిన్న పడవల పేరు చెప్పుకుని సముద్రాన్ని ఊడ్చేస్తాయి అన్నాడు. అదీ నిజమే. అందుకే ఒళ్ళు మండింది.

జూన్ 12, బుధవారం

ఒప్పందంలో ఒక్క మాటా కదల్లేదు. కాఫీ మాత్రం తెగ తాగాం.

జూన్ 13, గురువారం

అన్నయ్యే ఫోన్ చేశాడు. వేటకు బయల్దేరుతున్నాడట, శనివారం మధ్యాహ్నానికి వచ్చేస్తాడట. వెనక ఇంజన్ కొట్టుకుంటోంది. "అవునే, నీళ్ళ మీద గీత ఎలా కనిపిస్తుందే?" అన్నాడు. నాకేం తెలుసు, వచ్చాక మాట్లాడదాం అని పెట్టేశాను. లంచ్ మీటింగ్‌కి టైమైపోతోంది.

సాయంత్రం మంత్రిగారు లైన్లోకి వచ్చారు. మిగతా విషయాల్లో మనకు చాలా కలిసొచ్చింది, ఈ ఒక్కదాని కోసం అంతా చెడగొట్టకమ్మా అన్నారు.

జూన్ 14, శుక్రవారం

ఆరు కావస్తున్నా తేలలేదు. చర్చలు నడిపే అధ్యక్షురాలు నిచ్చెన తెప్పించి గోడగడియారం ఆపించింది. ఒప్పందం కుదిరేదాకా ఈ గదిలో శుక్రవారమేనట. ఇది ఇక్కడ మామూలేనట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూన్ 14, శుక్రవారమే

బయట శనివారం. జనం సంచులతో బజారు నుంచి వెళుతున్నారు. వదిన ఫోన్ చేసింది. పడవ రాలేదట, గాలి ఎక్కువగా ఉందట. వచ్చేస్తాడులే వదినా అన్నాను. లోపలికొచ్చి గడియారం చూశాను. ఆరు కాలేదు. ఇంకా శనివారం రాలేదుగా, వాడెందుకొస్తాడు అనుకున్నాను. అలా అనుకుంటే ప్రాణం కుదుటపడింది. ఆ కుదుటపడటానికే భయం వేసింది.

జూన్ 14, ఇంకా శుక్రవారమే

బయట ఆదివారం.

పడవ దొరికింది. ముప్పై నాలుగు మైళ్ళ అవతల. అందులో ఎవరూ లేరు. ఫోన్ మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉందట. వదిన ఏడవలేదు. అంత దూరం వెళుతున్నానని నీతో చెప్పాడా అని అడిగింది. లేదు వదినా అన్నాను. చెప్పబోయాడేమో.

గదిలోకి వచ్చేసరికి అధ్యక్షురాలు పేరా చదువుతోంది. పన్నెండు మైళ్ళు. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగింది. ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మైకు బటన్ నా వేలి కింద ఉంది. మంత్రిగారి మాట గుర్తుంది. అదొక్కటే కాదు, నోరు తెరిస్తే మాట రాదు, కేక వస్తుందని తెలిసిపోయింది. పెదాలు బిగించాను.

సుత్తి దెబ్బ. చప్పట్లు. పొడుగాయన వచ్చి చెయ్యి కలిపాడు. ఇంత చల్లగా ఉందేమిటి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

జూన్ 17

ఒప్పందం ప్రింటై వచ్చింది. మొదటి పేజీ మీద తేదీ జూన్ 14. ఆ తేదీకి వాడు బతికే ఉన్నాడేమో.

జూన్ 23

వదిన దగ్గరున్నాను. శవం లేదు కాబట్టి దినకర్మలేవీ చేయనివ్వడం లేదు. పోయాడని మీరెలా చెబుతారు అంటుంది. వాడి ఫోన్ రోజూ ఛార్జింగ్ పెడుతుంది. ఏం జరిగింది మీ మీటింగ్‌లో అని అడిగింది. మేం ఓడిపోయాం అన్నాను. "మేం" అన్నాను.

అక్టోబర్ 9

ఏ ఆఫీసులో ఏసీ వేసినా ఇంజన్ కొట్టుకుంటున్నట్టే ఉంది. ఆపమంటే అందరూ నా మొహం చూస్తున్నారు. ఉక్కపోతలోనే ఫైళ్ళు చూస్తున్నాను. ఆపితే ఇంకా భయం. చప్పుడు దూరమైనట్టుంటుంది.

జనవరి 20

ఒప్పందం మీద సమీక్ష పెట్టారు. వేరే వాళ్ళను పంపుతాం అన్నారు మంత్రిగారు. నేనే వెళతానన్నాను. ఈసారి నోరు మూసుకోనని కూడా చెప్పాను. సరేనమ్మా అన్నారు.

ఫిబ్రవరి 4

గీత ఎక్కడుండాలి అని అడిగింది అధ్యక్షురాలు. ముప్పై నాలుగు మైళ్ళ దగ్గర అన్నాను. ఆధారమేమిటని పొడుగాయన. మా అన్నయ్య అక్కడ ఉన్నాడు, అన్నాను.

అనువాదాలు వినిపించే హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో చానెలూ తిప్పాను. ఒక్కో గొంతు ఒక్కో భాషలో నా మాట చెబుతోంది. నాకు తెలిసిన భాషల్లో ఒక్కరూ "ఉండేవాడు" అనలేదు.