ఆరో కాలేజీకి ఇచ్చిన మధ్యాహ్నం

చెల్లికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి అందరం క్షేమం. అక్కడ నువ్వూ, మరిదిగారూ, పిల్లా చల్లగా ఉన్నారని తలుస్తాను. పొద్దున ప్రార్థనలో మీ ముగ్గురినీ తలుచుకునే ఆఫీసుకి వచ్చాను.

నీ ఉత్తరం అందింది. ముందు అడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి మెట్లెక్కేటప్పుడే, దిగేటప్పుడు గుర్తుకు రాదు. కొత్త కళ్ళజోడు చేయించాను, పాతదే నయమనిపిస్తోంది. అమ్మ ఫోటో ఈ కవరులోనే పెడుతున్నాను. ఇక నీ అసలు సంగతి. మన పిల్ల కాలేజీ దరఖాస్తుకి తన గురించి ఒక పేజీ స్టేట్‌మెంట్ రాసుకోవాలి, అమ్మమ్మ చివరి రోజు గురించి రాస్తానంటోంది, ఆ రోజు దగ్గరున్నది నేనే కాబట్టి జరిగింది జరిగినట్టు రాసి పంపమన్నావు. దానికి జవాబు ఒక్క ముక్కలో తేలదు. తీరిగ్గా కూర్చుని చదువు.

నా పని నీకు పైపైనే తెలుసు. జిరాక్సు షాపు మీద రెండు గదులు. బయట బెంచీ, లోపల నేను. పిల్లలు వస్తారు, ప్రశ్నలు అడుగుతాను, వాళ్ళు చెప్పినదాన్ని ఏ కాలేజీకి తగ్గట్టు ఆ కాలేజీకి ఒక పేజీ చేస్తాను. ఒక కాలేజీకి ధైర్యం కావాలి, ఇంకొకదానికి సేవ కావాలి, మరొకదానికి పడి లేచినవాళ్ళు కావాలి. పిల్ల ఒక్కతే, కాలేజీలు ఆరు. కొందరు పిల్లలకి చెప్పడానికే ఏమీ ఉండదు. "నాకేం జరగలేదండీ," అంటారు, అదేదో తప్పయినట్టు. మా యజమాని తలుపులోంచి తొంగిచూసి, "ఏమీ జరగని పిల్లకి సీటెవరిస్తారండీ మేడమ్? కూరలో ఉప్పేసినట్టు కాస్త కష్టం వెయ్యండి," అంటాడు.

అలాంటప్పుడు మనింట్లోంచి తీసి ఇచ్చేదాన్ని. నాన్న రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోయినది ఒకడికి ఇచ్చాను. నువ్వు సైకిలు మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నది ఇంకొకడికి. వాళ్ళకి సీట్లొచ్చాయి. నా సొమ్మేం పోయిందిలే అనుకున్నాను. మొన్న కూర్చుని ఎంత ఆలోచించినా, విరిగింది నీ కుడిచెయ్యో ఎడమచెయ్యో తెలియలేదు. అక్కడ మచ్చ ఉండాలి. ఉందో లేదో ఒకసారి చూసుకో.

మూడు వారాల కిందట ఒక నర్సు తన కూతుర్ని తీసుకొచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, నవ్వితే బుగ్గన సొట్ట. అయిదు కాలేజీలకి ఏదో కూర్చాను. ఆరోది ఇంట్లో జరిగిన ఒక మరణం గురించి రాయమంది. వాళ్ళింట్లో ఎవరూ పోలేదు. "పేజీ నిండడానికని ఎవర్నైనా పొమ్మంటామా అండీ," అని నర్సు నవ్వింది.

నేను అమ్మ పోయిన మధ్యాహ్నం తీసి ఇచ్చాను. అమ్మను అమ్మమ్మ చేశాను. మనవరాలు వీధి చివరి బడిలో లెక్కల పరీక్ష రాస్తుండగా అమ్మమ్మ నిద్రలో పోయిందని, పిల్ల ప్రశ్నపత్రం పట్టుకుని ఇంటికొచ్చిందని రాశాను. నిద్రలో అన్నది నీకు చెప్పిన మాటే.

వారం తిరక్కుండా నర్సు ఒక్కతే వచ్చింది. ఒంటి మీద ఇంకా యూనిఫాం ఉంది.

"మేడమ్, మా పిల్ల నన్ను అమ్మా అనడం మానేసింది. ఏమండీ అంటోంది. అన్నం పెడితే పరాయి ఇంట్లో తిన్నట్టు తింటోంది."

"పరీక్షల బెంగేమోనమ్మా."

"బెంగ నాకు తెలియదా, రోజూ చూసేదే కదా. బడి నుంచి రాగానే ముందుగదిలోకి పరిగెత్తి గోడ దగ్గర నిలబడుతోంది. మంచం తీసేశారా అని ఏడుస్తోంది. ఆ గదిలో మాకెప్పుడూ మంచం లేదండీ."

పిల్లను తీసుకురమ్మన్నాను. మర్నాడు ఇద్దరూ వచ్చారు. పిల్ల నా ఎదురుగా కూర్చుని, స్టేట్‌మెంట్ కాగితాన్ని సన్నటి బద్దలా మడవడం మొదలుపెట్టింది. ఆ రోజు నువ్వు ప్రశ్నపత్రం అలాగే మడిచి తెచ్చావు. అది నేను ఎక్కడా రాయలేదు.

"ఇందులో ఒక మాట తగ్గిందండీ," అంది.

"ఏ మాటమ్మా?"

"అమ్మ నా గురించి రెండుసార్లు అడిగింది కదా."

కాగితంలో ఉన్నది అమ్మమ్మ. పక్కనే కూర్చున్న నర్సు తల వంచుకుంది. పిల్ల నా కాళ్ళ వైపు చూసింది.

"లేచావు. ఒక కాలికి చెప్పు తొడుక్కున్నావు. మళ్ళీ విప్పేశావు. నన్నెందుకు పిలవలేదు, పెద్దక్కా?"

ఇక్కడ నన్ను అందరూ మేడమ్ అంటారు. నడిపక్క చిన్నప్పుడే మనకు దక్కకుండా పోయాక, నన్ను పెద్దక్కా అనేది లోకంలో నువ్వొక్కదానివే.

చెల్లీ, అమ్మ నిద్రలో పోలేదు. ఇన్నేళ్ళూ నీకు అబద్ధం చెప్పాను. మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "చిన్నది వచ్చిందా?" అంది. "పరీక్ష రాస్తోందమ్మా, అయ్యాక వస్తుంది," అన్నాను. కాసేపాగి, "ఒక్కసారి పిలవ్వే," అంది. బడి ఎంత దూరమని, కేకేస్తే వినపడేంత. లేచాను, ఒక కాలికి చెప్పు తొడుక్కున్నాను, విప్పేసి వచ్చి కూర్చున్నాను. ఆ గదిలో అమ్మా, నేనూ తప్ప మూడో మనిషి లేదు.

"నీ పరీక్ష పోతుందని పిలవలేదమ్మా," అని ఆ పిల్లకి చెప్పాను.

"అది కాదు పెద్దక్కా," అంది.

ఆ పేజీ చింపేశాను. కాలేజీకి రాసి, అక్కడికి పంపినదాన్ని కూడా వెనక్కి తీయించాను. ఏమీ మారలేదు. రోజూ బడి వదలగానే వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటోంది, ఎవరో పిలుస్తారన్నట్టు. పని ముగించుకుని నర్సు వచ్చి అదే బెంచీకి రెండో చివర కూర్చుంటోంది. కూతురు పక్కన అంత చోటు వదిలి కూర్చునే తల్లిని నేనెక్కడా చూడలేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనదు. అన్నా బాగుండేది. నేను దాచుకున్న సగం, ఇచ్చేసిన సగాన్ని వెతుక్కుంటూ వెళ్ళి ఆ పిల్లను పట్టుకుంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఆ తల్లికి పిల్ల దక్కుతుందా?

ప్రార్థన మానలేదు. ముప్పయ్యేళ్ళుగా దేవుడికి చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయనకి తెలియనిదేముంది. తెలియాల్సింది నీకు.

ఇప్పుడూ వాళ్ళిద్దరూ బయటే ఉన్నారు. తలుపు ఓరగా తెరిచి ఉంది. రాస్తున్నాను.

పరీక్ష ఒక సాకు. మూడు నెలలు అమ్మకి స్నానం, మందు, పక్కబట్టలు అన్నీ నేనే. ఆ మూడు నెలలూ అమ్మ ఎదురుచూసింది నీ కోసం. నువ్వు గుమ్మంలోకి వస్తే ముఖం విచ్చుకునేది. నన్ను చూస్తే దిండు సర్దమనేది. ఆ గంటైనా అమ్మ నాకొక్కదానికే మిగలాలనుకున్నాను. అందుకని పిలవలేదు. అమ్మ గుమ్మం వైపే చూస్తూ పోయింది. నా వైపు చూడలేదు.

ఇది రాసి కలం కింద పెట్టేసరికి బయట నుంచి గొంతు వినిపించింది.

"అమ్మా, ఇంకెంతసేపు కూర్చుంటాం ఇక్కడ? ఆకలేస్తోంది."

బెంచీ కిర్రుమంది. లేచి వెళ్ళేసరికి తల్లి కూతురి తలను గుండెకి అదుముకుని ఉంది. పిల్ల విడిపించుకుని, "నమస్తే మేడమ్," అంది. బుగ్గన సొట్ట పడింది.

ఆ రోజు అమ్మ కట్టుకున్న చీర రంగు కొన్నాళ్ళుగా నాకు గుర్తు రావడం లేదు. నిన్నటిదాకా ఆ పిల్లకి తెలిసే ఉండాలి. అడిగాను.

"ఏ అమ్మండీ?" అంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. వచ్చి కూర్చుని పైన రాసింది చదువుకున్నాను. ఎవరో చెప్పగా విన్న సంగతిలా ఉంది. కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో చెప్పలేను. అమ్మ గొంతు ఎలా ఉండేదో చెప్పలేను. ఆ మధ్యాహ్నం ఇప్పుడు ఈ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

చదివాక నీకు ఒక మంచం, కిటికీ, గుమ్మం దగ్గర ఒంటి చెప్పు కనిపిస్తే భయపడకు. అవి నీవే, ఆలస్యంగా చేరాయి. మన పిల్ల స్టేట్‌మెంట్‌లో పెట్టాలో వద్దో నీ ఇష్టం. పెడితే మాత్రం సగం పెట్టనివ్వకు. చీర రంగు తెలిస్తే నాకో కార్డు ముక్క రాయి. రాయాలనిపించకపోతే, అదీ అర్థం చేసుకుంటాను.

ఫోటో జాగ్రత్త. అందులో ఉన్నావిడ అమ్మేనని వెనక నాన్న చేతిరాతతో ఉంది.

ఇట్లు,
ఆ రోజు నిన్ను పిలవని
నీ పెద్దక్క