క్రేన్ల క్యాలెండర్‌లో మనుషులు

డైరీ: మేళ్లచెరువు, మంగళవారం రాత్రి

నువ్వు పిరికిపందవి. కార్మికుల హక్కుల మీద పత్రికలకు వ్యాసాలు రాసే నువ్వే, సిమెంటు ఫ్యాక్టరీలో కూర్చుని వాళ్ల ఆదివారాలు తుడిచేశావు.

ఎవరికి ఏ రోజు పనో లెక్కగట్టే ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిస్తే ఆదివారం సెలవని అదే చూపిస్తుంది. బట్టీ మరమ్మతు తొందరగా ముగియాలని మేనేజరు అనగానే, కాంట్రాక్టు కూలీలను క్రేన్లకు పెట్టిన క్యాలెండర్‌లోకి మార్చింది నువ్వే. క్రేన్‌కు సెలవుండదు, పండుగుండదు. ఆఫీసు వాళ్లకు మాత్రం ఆదివారాలే కాదు, గుడ్ ఫ్రైడే కూడా సెలవే. వాళ్లలో చర్చి గడప తొక్కినవాడు ఒక్కడూ లేడు.

ఇవాళ వెల్డర్ ఏలీయా ఆఫీసుకు వచ్చాడు.

"సారూ, ఈస్టర్ నాడు నా బిడ్డకు బాప్తిస్మం. గా దినమే డ్యూటీ ఏసిన్రేంది? రాకుంటే గేటు పాసు గుంజుకుంటరట."

మేనేజరు తలెత్తలేదు. "నేనేం జేస్తనయ్యా? కంప్యూటర్ల గట్లనే వచ్చింది."

"కంప్యూటర్‌కు బిడ్డలు లేరు గద సారూ," అన్నాడు ఏలీయా, నీ వైపు చూస్తూ.

మేనేజరు చెప్పింది అబద్ధమని తెలిసీ నువ్వు నోరు విప్పలేదు. ఛీ! పైగా దారి పొడుగునా అతన్ని తిట్టుకుంటూ ఇంటికి వచ్చి, కడుపు నిండా తిన్నావు.

రేపు పొద్దున్నే మేనేజరు బల్ల మీద పెట్టాల్సిన కాగితం:

కూలీలను క్రేన్ల క్యాలెండర్ నుంచి తీయాలి.
వాళ్ల ఆదివారాలు వాళ్లకు తిరిగి ఇవ్వాలి.
గుడ్ ఫ్రైడే అందరికీ సెలవు కావాలి.
ఏలీయా గేటు పాసు ముట్టుకోకూడదు.
సెలవులు తీసేసింది కంప్యూటర్ కాదు, మీరు తొందరపెడితే నేను తీశానని నోటీసు బోర్డు మీద రాయాలి. కింద నా సంతకం ఉండాలి.