ఆరు గంటల చేతిరాత

నాన్నకు,

నిర్మల దండాలు. నువ్వు, అమ్మ, అవ్వ ఎలా ఉన్నారు? అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా?

నా సంగతి కూడా ఇక్కడే రాయాలి. అందరూ రాసే ఆ మాట ఒకటి ఉంది కదా. దాన్ని చివర రాస్తాను. ఇప్పుడు చెయ్యి తిరగదు.

పొద్దున ఆరు. కుప్పంలో చలి. వేళ్లు వంగడం లేదు. పెన్నుకు గుడ్డ చుట్టి పట్టుకున్నాను. అక్షరాలు చూసి భయపడొద్దు. చివరిదాకా చదువు.

తొమ్మిదికి వెంకటప్ప అన్న మన పుంగనూరుకే వస్తున్నాడు. నేనుండే ఇంటి యజమానురాలు మునెమ్మ అక్కకు తమ్ముడు. ఆయన చేతికిస్తాను. ఈరోజే నీకు అందాలి. ఎల్లుండి ఆదివారం. వ్యాను తెస్తానన్నావు. సామాన్లు సర్దుకోమన్నావు.

నేను సర్దలేదు.

ముందు నా తప్పు చెప్తాను. మదనపల్లె బస్టాండులో నువ్వన్న మాట నాకు గుర్తుంది. ఆరోజు డాక్టరమ్మ, ఈ కీళ్లవాతం మాత్రలతో అదుపులో ఉంటుంది కానీ పూర్తిగా పోదు అని చెప్పింది. బయటికొచ్చాక, కుప్పం బడిలో లైబ్రరీ ఉద్యోగానికి వెళ్తానన్నాను. నువ్వన్నావు: "ఫోన్లో ఎప్పుడడిగినా బాగుండానంటావు. నాకేం తెలుస్తాది? వారానికొక ఉత్తరం రాయి. ముప్పై ఏండ్లుగా గోడల మీద బోర్డులు రాస్తాండాను. గీత చూస్తే చెయ్యి ఎట్లుండాదో చెప్తా."

ఆ ఒప్పందం మీదే నన్ను పంపావు. నేను దాన్ని నిలుపుకోలేదు.

నీకు వారం వారం అందిన ఉత్తరాలు ఆ వారం రాసినవి కావు. చేతులు బాగున్న మధ్యాహ్నం చూసుకుని మూడు నాలుగు ఒకేసారి రాసేదాన్ని. తేదీ ఖాళీగా వదిలి, పోస్టు చేసే రోజు వేసేదాన్ని. అందుకే వాటిలో ఎండ లేదు, వాన లేదు, ఆ వారం జరిగిందేదీ లేదు. నువ్వు గమనిస్తావేమోనని ప్రతిసారీ భయపడ్డాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని అమ్మతో మెచ్చుకున్నావని తెలిసినప్పుడు ఆ రోజంతా అన్నం సహించలేదు.

మొన్న బుధవారం ఏం జరిగిందో మునెమ్మ అక్క నీకు ఫోన్లో చెప్పింది. నా నోటితో కూడా విను.

ఆ పొద్దున కరెంటు లేదు, వేడినీళ్లు లేవు. చన్నీళ్లతోనే స్నానం చేసి బట్టలు వేసుకున్నాను. స్నానాల గది తలుపు గడియ తీయబోతే రాలేదు. వేళ్లు పట్టుకోవు. అరచేత్తో తోశాను, మోచేత్తో తోశాను. బయట మునెమ్మ అక్క తలుపు కొట్టింది.

"ఏం పాపా, లోపల్నే కాపురం పెడ్తావా ఏంది? మేముగూడా స్నానాలు చెయ్యాల గదా!"

"గడియ రావడం లేదక్కా."

"యాల రాదు? నిన్ననే కొబ్బరినూనె ఏసినా. గట్టిగా లాగు."

"చేతులు రావడం లేదు."

అంతవరకూ ఆమెకు నా జబ్బు సంగతి తెలియదు. తలుపుకు నోరు ఆనించి మాట్లాడినట్టుంది, గొంతు దగ్గరగా వినిపించింది. "సరే, అట్లే గోడకు ఆనుకోని కూర్చో. ఏం కాదు. నేనీడనే ఉండాను."

వెంకటప్ప అన్న వచ్చి తలుపు బందులు ఊడదీసేసరికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ ఆమె వంకాయల ధర గురించీ తన చెల్లెలి కోడలి గురించీ చెప్తూనే ఉంది. నన్ను ఏడవనివ్వలేదు. బయటికొచ్చాక మాత్రం బాగా తిట్టింది. "ఇంత జబ్బు పెట్టుకోని ఒక్క మాట చెప్పకుండా ఉండావే! మేమేమన్నా పులులమా?" అని తిడుతూనే నీకు ఫోన్ చేసింది.

అప్పుడు నువ్వు నన్నడిగింది ఒకటే. "ఉత్తరాల్లో అక్షరాలు అంత బాగుండాయి. గడియ తీయలేకపోవడమేంది? ఏది అబద్ధం?" "ఇంక నీ మాట నమ్మను. ఆదివారం వ్యాను తెస్తా, సామాన్లు సర్దుకో" అని పెట్టేశావు.

నమ్మమని అడగడానికి నాకు మొహం లేదు. అందుకే ఈరోజు మధ్యాహ్నందాకా ఆగకుండా ఆరు గంటలకే కూర్చున్నాను. ఇది నా అసలు పొద్దున.

ఏడు దాటింది. మునెమ్మ అక్క రాగిజావ తెచ్చిచ్చింది. వేడి గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుంటే వేళ్లు ఒక్కొక్కటే మేలుకుంటాయి. ముందు బొటనవేలు, అన్నిటికంటే చివర ఎడమ చిటికెన వేలు. రోజూ దానికోసం కాచుకుని ఉంటాను. అది కదిలిందంటే నాలో నేనే నవ్వుకుంటాను. ఇలాంటివి ఇన్నాళ్లూ నీకు రాయలేదు. రాస్తే దానికి ముందున్న నొప్పి కూడా రాయాల్సి వస్తుందని.

ఇంకొకటి చెప్పాలి. నిన్న పొద్దున చూస్తే, మునెమ్మ అక్క ఆ గడియకు పాత చీర అంచు ఉచ్చులాగా కట్టి పెట్టింది. వేళ్లతో పని లేదు. మణికట్టు దూర్చి లాగితే టక్కున వచ్చేస్తుంది. నేను లోపల నిలబడి వేసీ తీసీ, వేసీ తీసీ చూశాను. "ఏంది పాపా, గుడిలో గంట కొడ్తాండావా?" అని బయటినుంచి అరిచింది. ఇద్దరం నవ్వాము.

ఆ ధైర్యంతోనే నిన్న బడిలో హెడ్‌మిస్ట్రెస్ గారికి కూడా చెప్పాను. పొమ్మంటుందనే అనుకున్నాను. నా చేతిరాత చూసే కదా రిజిస్టరు పనికి తీసుకుంది. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది. "రిజిస్టరు మధ్యాహ్నం రాసుకో. పొద్దున పీరియడ్లో చిన్నపిల్లలకు కథలు చదువు. ఇది చెప్పడానికి మూడు నెలలు పట్టిందా నీకు?" అంది. నలుగురిలో నోరు విప్పని నేను నిన్న ముప్పైమంది ముందు గట్టిగా చదివాను. పేజీ తిప్పడానికి పిల్లలు పోట్లాడుకుని వంతులు వేసుకున్నారు. నేను పుస్తకాన్ని ముట్టుకునే పనే లేకపోయింది.

ఇవన్నీ రాసి జబ్బు తేలికైందని చెప్పడం లేదు నాన్నా. రేపు పొద్దున మళ్లీ వేళ్లు బిగుసుకుంటాయి. శనివారం మాత్ర వేసుకుంటే ఆదివారం నోరంతా చేదుగా ఉంటుంది. ఒక్కొక్క రోజు జడ వేసుకోలేక జుట్టు ముడి వేసుకునే బడికి పోతాను. భయమేస్తుంది. ఇంట్లో ఉంటే అమ్మ జడ వేస్తుంది, బొత్తాలు పెడుతుంది, అన్నం కలిపి పెడుతుంది. అమ్మ ప్రేమకు వంక పెట్టడం లేదు. కానీ అక్కడ ఆ చిటికెన వేలికోసం నేను ఎదురుచూడలేదు. దానికి చెయ్యాల్సిన పనే ఉండేది కాదు.

అందుకని ఒకటి అడుగుతాను. ఆదివారం వ్యాను తేవద్దు. శనివారం సాయంత్రమే బస్సులో రా. రాత్రికి వెంకటప్ప అన్న ఇంట్లో పడుకోవచ్చు. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిదిదాకా నా పక్కన కూర్చో. సాయం చెయ్యొద్దు. ఊరికే చూడు. చూశాక కూడా ఇంటికి రమ్మంటే, ఎదురు చెప్పకుండా నీ వెంట బస్సెక్కుతాను. మోసం చేసింది నేను కాబట్టి నిర్ణయం నీదే.

వచ్చేటప్పుడు నీ బ్రష్షులు తెచ్చుకో. లైబ్రరీ తలుపు మీద బోర్డు ఖాళీగా ఉంది. అమ్మను కొంచెం చింతకాయ తొక్కు పంపమను. అవ్వ కాళ్లకు నా బదులు నువ్వు దండం పెట్టు. అమ్మ, నువ్వు నన్ను దీవించండి. కోపం ఉన్నా సరే, దీవించండి.

ఎనిమిదిన్నరైంది. వెంకటప్ప అన్న బండి తుడుస్తున్నాడు. మొదటి కాగితాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడు. అదీ నా చెయ్యే, ఇదీ నా చెయ్యే. మధ్యలో ఎవరి సాయమూ లేదు, రెండున్నర గంటలే ఉన్నాయి. మొదట ఆపిన మాట ఇప్పుడు రాస్తున్నాను. చిన్నప్పుడు పలక మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని తిప్పించినట్టే మొదటి అక్షరాన్ని తిప్పాను. వంపు దగ్గర కొంచెం వణికింది. దాన్ని దిద్దలేదు.

ఇక్కడ నేను క్షేమం.

నీ కూతురు,
నిర్మల