నలభై ఒక్క కాగితాలు

ఆఫీసులో ఉత్తరాలు చదివే అయ్యగారికి,

గోల్‌కీపర్ వాళ్ళమ్మ నమస్కారం పెట్టి రాసేది. ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలంటారు. క్షేమంగా లేము కాబట్టే రాస్తున్నాను, అందుకని ఆ ముక్క వదిలేశాను. నేను నాలుగో తరగతి దాకా చదివి కుట్టుమిషన్ ఎక్కినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా అమ్మాయి ఫుట్‌బాల్ ఆడుతుంది, అదే దాని ఉద్యోగం. మొన్నటి ఫైనల్లో ఆఖరి నిమిషంలో బంతి దాని చేతుల్లోంచి జారి వెనక్కి పోయింది. ఊరంతా చూసిందట, మీరూ చూసే ఉంటారు. ఆ సాయంత్రం నుంచి దాని ఫోను ఆగకుండా మోగుతోంది. చేతులు నరుకుతామని ఒకడు. ఏ బస్సు ఎక్కుతావో తెలుసని ఒకడు. పిల్ల అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. కిటికీ తెరవనివ్వదు.

నాకు దీని పైన ఒక కొడుకు ఉండేవాడు. వాడూ ఆటగాడే. రెండేళ్ళ కిందట పెనాల్టీ బయటికి కొట్టాడు. వాడికీ ఇలాగే వచ్చాయి. "చూడమ్మా, ఏం రాస్తున్నారో" అని ఫోను చూపించాడు. నేను మిషన్ ఆపకుండానే, "మొరిగే కుక్క కరవదురా, పోయి స్నానం చెయ్యి" అన్నాను. ఆరో రోజు మైదానం బయట బస్ స్టాపులో ఇద్దరు వాడి కోసం కాచుకుని ఉన్నారు. ఆసుపత్రి నుంచి వాడి చెప్పులు మాత్రమే ఇంటికొచ్చాయి. చేసినవాళ్ళు అంతకుముందే మూడుసార్లు ఫోనులో రాశారని, రోజు కూడా చెప్పారని తరవాత తెలిసింది.

అయ్యా, ఈసారి నేను మిషన్ ఆపాను. మా గుమ్మం దగ్గర ఒక కాపలా మనిషిని పెట్టండి. అంతకన్నా ఏమీ అడగను.

ఇట్లు,
గోల్‌కీపర్ వాళ్ళమ్మ

తా.క. కుక్క సామెత కట్టినవాణ్ణి ఏ కుక్కా కరిచి ఉండదు. కరిపించుకున్నవాడికి సామెతలు కట్టే ఓపిక ఎక్కడిది?

*

క్రీడాకారుల రక్షణ కార్యాలయం

గోల్‌కీపర్ తల్లిగారికి,

మీ ఉత్తరం అందినది. ఫోనులో వచ్చు మాటలు మా నిబంధనల ప్రకారం బెదిరింపుల కిందికి రావు. అవి "అభిమానుల ఆవేదన" అను శీర్షిక కిందికి వస్తాయి. ఆవేదనకు కాపలా ఇచ్చు ఏర్పాటు లేదు. కొన్నాళ్ళు ఫోను కట్టివేయవలసిందిగా సలహా.

అయినను మీరు పట్టుబట్టిన యెడల, సదరు మాటలను ఉన్నవి ఉన్నట్లుగా చేతిరాతతో, కాగితానికి ఒకటి చొప్పున రాసి, ప్రతి కాగితం కింద మీ సంతకమూ, పూర్తి చిరునామా వేసి పంపవలెను. ఫోను తెరను తీసిన బొమ్మలు చెల్లవు.

ఇట్లు,
మూడో బల్ల గుమాస్తా

తా.క. ఇది ఆఫీసు మాట కాదు. ఆ బంతి మాత్రం నేనైనా పట్టేవాణ్ణి.

*

మూడో బల్ల అయ్యగారికి,

నమస్కారం. మీరు చెప్పినట్టే చేశాను. దీంతో పాటు నలభై ఒక్క కాగితాలు వస్తున్నాయి. అమ్మాయి స్నానానికి వెళ్ళినప్పుడల్లా దాని ఫోను తీసి, ఒక్కో అక్షరం చూసుకుంటూ రాశాను. తొమ్మిది రోజులు పట్టింది. ఈ మధ్య ఇంత శుభ్రంగా ఉంటున్నావేంటని దాన్ని అడగొద్దు, "ఇంకాసేపు నీళ్ళు పోసుకోవే" అని నేనే తరిమాను.

ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి వాళ్ళ తప్పులు దిద్దలేదు. అయ్యా, "చంపుతా" అన్న మాట ఏడుగురు ఏడు రకాలుగా రాశారు. ఎనిమిదోవాడికి సరిగ్గా వచ్చింది. వాణ్ణి చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

ఒక్కో కాగితం రాసేసరికి చెయ్యి నాది కానట్టు అనిపించేది. పెళ్ళినాడు రిజిస్టరులో పెట్టిన సంతకం తరవాత మళ్ళీ సంతకం పెట్టడం ఇప్పుడే. దేని కింద పెడుతున్నానో చూడకుండా పెట్టాను.

తొందరగా కాపలా పంపండి.

ఇట్లు,
గోల్‌కీపర్ వాళ్ళమ్మ

తా.క. ఆ బంతి మీరు పట్టేవారన్నారు, సంతోషం. ఒక ఆదివారం మైదానానికి రండి. అమ్మాయి కొడుతుంది, మీరు పట్టండి. కట్టు కట్టడానికి పాత గుడ్డలు నా దగ్గర బోలెడు.

*

క్రీడాకారుల రక్షణ కార్యాలయం
అతి ముఖ్యం

కింద సంతకం చేసిన స్త్రీకి,

మీ చేతిరాతతో, మీ సంతకంతో, ఒక గోల్‌కీపర్‌కు ఉద్దేశించిన నలభై ఒక్క బెదిరింపులు మాకు అందినవి. పై అధికారిగారు వాటిని స్వయంగా చదివి, తమ ఉద్యోగ జీవితంలో ఇంత పట్టుదల గల దుర్మార్గాన్ని చూడలేదని అన్నారు. కాగితం మీద వచ్చినవి ఆవేదన కిందికి రావు, నేరం కిందికి వస్తాయి.

కావున సదరు క్రీడాకారిణికి నేటి నుంచి ఇద్దరు కాపలావాళ్ళను నియమించడమైనది. మీరు ఆమెకు అర కిలోమీటరు దూరంలో ఉండవలెను.

ఇట్లు,
అధికారిగారి తరఫున,
మూడో బల్ల గుమాస్తా

తా.క. మీ చిరునామా, బాధితురాలి చిరునామా ఒక్కటే అని గమనించితిమి. మీరు అంతవరకు చొరబడినారన్న సంగతి అధికారిగారిని మరింత కలవరపెట్టినది.

*

మూడో బల్ల అయ్యగారికి,

ఏమని నమస్కారం పెట్టను? నేను దాని తల్లినండీ! ముందు ఉత్తరంలో అంతా రాశాను కదా, అది ఏ బల్ల కింద పడింది? మీరు రాయమంటేనే రాశాను, పెట్టమంటేనే సంతకం పెట్టాను.

నిన్న సంచీతో కూరగాయలు తెచ్చుకుంటుంటే మెట్ల మీద మీ కాపలావాళ్ళు ఆపారు. ఒకడు పొడుగు, ఒకడు లావు. "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు పొడుగువాడు. పేరు చెప్పగానే ఇద్దరూ చెరో గోడకి ఆనుకున్నారు. సంచీలో ఉన్న నా కుట్టుపని కత్తెర లాక్కున్నారు. మా అమ్మాయి గొడవ విని బయటికొచ్చి, "ఆవిడ మా అమ్మ!" అని అరిచింది. "బెదిరించేది ఎక్కువగా తెలిసినవాళ్ళేనని మాకు శిక్షణలో చెప్పారండి" అన్నాడు లావువాడు.

అర కిలోమీటరు అవతలి నుంచి వంట చెయ్యడం నాకు రాదు. చివరికి వాళ్ళ కళ్ళ ముందు ఉండేట్టు ఒప్పందం కుదిరింది. కూర ముందు నేను తినాలి, తరవాత లావువాడు రుచి చూడాలి, ఆ తరవాత మా అమ్మాయి. లావువాడు ఒకసారికి నమ్మడు, మూడుసార్లు రుచి చూస్తాడు. ఇక గిన్నెలో ఏం మిగులుతుంది?

సంగతంతా తెలిసి అమ్మాయి నవ్వింది. "నువ్వు నన్ను బెదిరించడం ఇవాళ కొత్తా అమ్మా? ఆఫీసు వాళ్ళకి ఇప్పుడు తెలిసింది, అంతే" అంది. ఇరవై రోజుల తరవాత దాని నవ్వు విన్నాను. కిటికీ కూడా తీసింది. ఈ ఉదయం ఇద్దరినీ చెరోపక్క పెట్టుకుని మైదానానికి వెళ్ళింది. బస్ స్టాపులో నిలబడలేదు, మీ బండిలోనే వెళ్ళింది.

కాబట్టి అయ్యా, ఈ పొరపాటు సరిదిద్ది

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇప్పుడే పొడుగువాడు మంచినీళ్ళకి లోపలికొచ్చాడు. "పొరపాటని తేలితే మీరేం చేస్తారు బాబూ?" అని అడిగాను. "ఏముందమ్మా, వెళ్ళిపోతాం. ఫోను మాటలకి మమ్మల్ని పంపరు" అన్నాడు.

పైన రాసినదంతా చదవకండి. కాగితం పారెయ్యడం ఇష్టం లేక అలాగే పంపుతున్నాను.

అవునండీ, నేనే బెదిరించాను. నలభై ఒక్కటీ నావే. చాలా చెడ్డదాన్ని. నామీద కన్నేసి ఉంచాలి. ఇద్దరు చాలరేమో కూడా.

ఇట్లు,
నేరం చేసినావిడ

తా.క. ఆ కత్తెర ఇప్పించండి. నేరస్తురాలినే గానీ, పై వారానికి పన్నెండు జాకెట్లు ఒప్పుకున్నాను.

*

క్రీడాకారుల రక్షణ కార్యాలయం

కింద సంతకం చేసిన స్త్రీకి,

మీ ఒప్పుకోలు దస్త్రంలో చేర్చడమైనది. నెల రోజులుగా మీ నుంచి కొత్త బెదిరింపు రానందున, మీలో మార్పు వచ్చినదని అధికారిగారు సంతోషించినారు. మార్పు వచ్చిన చోట కాపలా అనవసరం. వచ్చే సోమవారం కాపలావాళ్ళను వెనక్కి పిలుస్తున్నాము.

ఇట్లు,
అధికారిగారి తరఫున,
మూడో బల్ల గుమాస్తా

తా.క. కత్తెర పంపడమైనది. కాపలావాళ్ళలో లావుగా ఉన్న వ్యక్తి బదిలీకి ఇష్టపడడం లేదు. కారణం వంట అని రాసినాడు.

*

మూడో బల్ల అయ్యగారికి,

నాకేం మార్పు రాలేదండీ. మీ కాళ్ళకి దండం పెడతాను, వాళ్ళని తియ్యకండి. ఫోనులో ఇంకా వస్తూనే ఉన్నాయి. నిన్న ఒక్కరోజే పదకొండు. ఒకడు మా మెట్ల ఫోటో తీసి పంపాడు. మూడో మెట్టు మీద నేను ఆరేసిన నల్ల గుడ్డ కూడా అందులో ఉంది. ఆ గుడ్డ నేను మొన్ననే ఆరేశాను.

కొత్త బెదిరింపు కావాలంటే ఇదిగో, రాస్తున్నాను. ఉదయం నుంచి కూర్చున్నాను. అప్పుడు నలభై ఒక్కటి రాసిన చెయ్యే ఇది. కానీ అప్పుడు చూసి రాశాను. సొంతంగా ఆ మాట రాయబోతే కలం కదలడం లేదు. నాకు వచ్చినంతలో రాశాను, చాలకపోతే మీరే కాస్త కారం కలుపుకోండి.

ఒసేయ్ గోల్‌కీపరూ! వేళకి తిండి తినకపోతే నీ వీపు చీరేస్తాను. తడి జుట్టుతో మైదానానికి పోయావంటే కాళ్ళు విరగ్గొట్టి మూల కూర్చోబెడతాను. మోకాలికి పట్టీ కట్టుకోకుండా దూకావంటే నీ తాట తీస్తాను. బంతి జారితే జారనీ, దాని గురించి ఏడ్చావంటే చంపేస్తాను జాగ్రత్త. ఒక్కదానివే బస్ స్టాపులో నిలబడ్డావంటే

ఇది పూర్తి చెయ్యడం నావల్ల కాలేదు.

ఇట్లు,
మార్పు రాని ఆవిడ

తా.క. సంతకం రెండుసార్లు పెట్టాను. ఒకటి సరిపోదేమోనని.

*

అమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదు, మా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మీ ఉత్తరం అధికారిగారికి ఇచ్చాను. రెండుసార్లు చదివి, "ఇది బెదిరింపేమిటయ్యా, మా ఆవిడ రోజూ పిల్లలతో ఇదే అంటుంది" అన్నారు. దస్త్రం మూసెయ్యమన్నారు.

మీ మొదటి ఉత్తరం ఏ బల్ల కింద పడిందని అడిగారు. ఏ బల్ల కిందా పడలేదు. నా సొరుగులో ఉంది. కాగితాలతో పాటు మీరు పంపిన ఉత్తరం కూడా అక్కడే ఉంది. ఆ తరవాతి దానిలో ఒప్పుకోలు ముక్క ఒక్కటే చించి దస్త్రంలో పెట్టాను. అధికారిగారు ఆ నలభై ఒక్కటీ చదువుతూ, "ఎవరీ ఆడమనిషి?" అని అడిగినప్పుడు నేను పక్కనే నిలబడి ఉన్నాను. తల్లి అని చెప్పలేదు. చెబితే అవి ఆవేదన కిందికి పోతాయి, మీకు కాపలా రాదు, అందుకే ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం.

ఇరవై మూడో కాగితం నాది.

"అన్న దగ్గరికే నిన్నూ పంపిస్తాం, సిద్ధంగా ఉండు." మ్యాచ్ అయ్యాక బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోనులో మీ అమ్మాయి ఫోటో కింద కొట్టాను. నిమిషం కూడా పట్టలేదు. తొంభై మంది నవ్వే బొమ్మ పెట్టారు. నా స్టాపు రాగానే దిగి, దారిలో పళ్ళు కొనుక్కుని ఇంటికెళ్ళాను. మర్నాటికి ఏం రాశానో గుర్తు కూడా లేదు. మీ మొదటి ఉత్తరానికి జవాబు టైపు చేస్తున్నప్పుడు కూడా గుర్తు రాలేదమ్మా. కింద ఆ తా.క. ఒకటి రాసి నవ్వుకున్నాను.

తరవాత అదే మాట మీ చేతిరాతలో వచ్చింది. మిగతా నలభైలో ఎక్కడా సిరా చెదరలేదు, ఆ ఒక్కదానిలో "అన్న" అన్న చోట చెదిరింది. కింద మీ సంతకం. నా మాట కింద మీరు సంతకం పెట్టారు.

మెట్ల ఫోటో పంపినవాణ్ణి నేను కాదు. నమ్మమని అడిగే హక్కు నాకు లేదు. కానీ వాడు దొరకాలంటే ముందు నేను దొరకాలి. ఫోనులో రాసినవాడు ఒక్కడైనా నేనే రాశానని కాగితం మీద ఒప్పుకుంటే, మిగతావన్నీ ఆవేదన నుంచి తీసి బెదిరింపుల్లో కలపాలని నిబంధన ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ వాడలేదు, అందుకే ఎవరికీ తెలియదు. రేపు ఉదయం నా కాగితం ఇస్తున్నాను. మీ పాత ఉత్తరాలు కూడా సొరుగులోంచి తీసి ఇస్తున్నాను. సోమవారం కాపలా వెళ్ళదు. మీ నేరం కొట్టేస్తారు. మూడో బల్ల దగ్గర ఇంకెవరో కూర్చుంటారు, వారికి మీరు మళ్ళీ మొదటి నుంచి చెప్పనక్కరలేకుండా అన్నీ వరసగా పెట్టాను.

క్షమించమని రాయడం లేదు. రాస్తే దానికీ మీరు జవాబు రాయాలి.

ఇట్లు,
ఇరవై మూడోవాడు

తా.క. ఒప్పుకోలు కాగితం మీద ఇంటి పెద్దలెవరైనా సాక్షి సంతకం పెట్టాలి. మా ఇంట్లో ఉన్నది మా అమ్మ ఒక్కతే. పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. ఆమె ఏ కాగితమైనా మొదటి నుంచి చివరిదాకా చదవనిదే సంతకం పెట్టదు. కళ్ళజోడు తెమ్మంది. తీసుకెళ్తున్నాను.