నాలుగడుగులు కలిపి చదువుకోగలరు

నీటిమట్టాల ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఇంజినీరుబాబుకి,

నది సముద్రంలో కలిసేచోట, వీధి చివరింటి నుంచి కొలబద్దమ్మ రాస్తున్నాను. అసలు పేరు మీ రిజిస్టర్లో ఉంటుంది కానీ దాంతో నన్నెవరూ పిలవరు. మా ఇంటి వెనకగోడకి మీవాళ్లు అడుగులూ అంగుళాలూ గీసిన చెక్కబద్ద ఒకటి కొట్టి ముప్పై ఏళ్లయింది. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఏ గీత దాకా వచ్చాయో చూసి రాయడం నా ఉద్యోగం. మా ఆయన పోయాక నాకిచ్చారు.

ఆయన రాసే రోజుల్లో ఎంత పెద్ద పోటైనా మూడడుగులు దాటేది కాదు. పోయిన నెల అయిదడుగుల పదంగుళాలు! ఆరో అడుగు దాటితే నీళ్లు వీధిలోకే. సముద్రం పైకొస్తోందా, మీ నేల కుంగుతోందా అని మీ ముందు పనిచేసినాయన అడుగుతుండేవాడు. రెండూను బాబూ. పైనుంచి నది ఒండ్రు తేవడం మానేసింది. నేల కిందికి, నీళ్లు పైకి, మధ్యలో మేం నలభై ఇళ్లవాళ్లం. కరకట్టకి మంజూరైన నలభై పడవల రాళ్లు కాస్త తొందరగా పంపించి పుణ్యం కట్టుకోండి.

ఈ నెల పోటు కొలత: ఒక అడుగు పదంగుళాలు. ఫారం మీద "బద్దపై కనిపించినదే రాయవలెను, సొంత లెక్కలు కలపరాదు" అని ఉంది. అందుకని కనిపించిందే రాశాను.

ఇట్లు,
కొలబద్దమ్మ

తా.క.: మా తమ్ముడు ఇళ్లు లేపే మేస్త్రీ. జాకీలు పెట్టి మా ఇంటిని నాలుగడుగులు పైకి లేపాడు. గోడతోపాటు మీ బద్ద కూడా లేచింది. కాబట్టి నాలుగడుగులు కలిపి చదువుకోగలరు.

*

గౌరవనీయులైన కొలబద్దమ్మగారికి,

నాలుగడుగులు! ఒక్క నెలలో నాలుగడుగులు! మీ ఫారం చూసి కుర్చీలోంచి లేచాను, ఇంకా కూర్చోలేదు. వరండాలో పరిగెత్తుకెళ్లి పెద్ద ఇంజినీరుగారికి చెబితే ఆయన నన్ను కౌగిలించుకున్నారు. ఆయన నవ్వగలరన్న సంగతే ఆఫీసులో ఎవరికీ తెలీదు.

ఇది ఎవరి కృషి? ఎన్నాళ్లు పట్టింది? దయచేసి వివరంగా రాయండి.

మీ సంతోషంలో భాగస్వామి,
ఇంజినీరు

*

చల్లగా ఉండాల్సిన ఇంజినీరుబాబుకి,

మీ ఉత్తరం వీధంతా తిప్పి చదివించాను. ఒక ముసలమ్మ ఇంటి విషయానికి ఆఫీసు ఆఫీసంతా ఇంత సంబరపడుతుందని కల్లో కూడా అనుకోలేదు!

అంతా మా తమ్ముడి చేతి చలవ. పన్నెండు జాకీలు, ఎనిమిది మంది మనుషులు, నాలుగు రోజులు. వాడు ఈల వేస్తే అందరూ ఒకేసారి పావు తిప్పు తిప్పాలి. తొందరపడితే అంతా ఒరిగిపోతుందట. లోపల అల్మారాలో గాజుగ్లాసు కూడా కదల్లేదు, చూసి తీరాలి!

రాళ్ల సంగతి మరిచిపోకండి.

ఆశీస్సులతో,
కొలబద్దమ్మ

తా.క.: ఎదురింటి బేకరీ ఆయన మా ఇల్లు లేచాక మెడ నొప్పి మొదలైందంటున్నాడు. నాతో మాట్లాడాలంటే పైకి చూడాలిగా! తన ఇల్లు కూడా లేపమని తమ్ముడి వెంట పడ్డాడు.

*

మహోపకారి కొలబద్దమ్మగారికి,

పన్నెండే జాకీలతో సముద్రాన్ని నాలుగడుగులు దించారా! ఈ ముక్క చెప్పగానే పెద్ద ఇంజినీరుగారు మంచినీళ్లడిగారు. మీ తమ్ముడుగారిని మా ఆఫీసు సలహాదారుగా రమ్మంటున్నాం. మొత్తం తీరానికి ఎన్ని జాకీలు కావాలో అంచనా వేసి ఇస్తే చాలు.

రాళ్లంటారా, ఇంకెందుకమ్మా మీకు! వెనక్కి వెళ్లిపోయిన సముద్రానికి కట్ట కట్టిన వాళ్లమని నవ్వుతారు. ఆ నలభై పడవలూ మా ఆఫీసు పక్క పార్కులో నడకదారికి కేటాయించేశాం.

ఆనందబాష్పాలతో,
ఇంజినీరు

*

ఒరే ఇంజినీరూ,

నీకేమైనా మతిపోయిందా? దిగింది సముద్రం కాదు నాయనా, లేచింది మా ఇల్లు! ఇల్లు! నాలుగు గోడలూ, పైకప్పూ, వెనకగోడకి నీ దిక్కుమాలిన బద్దా! మొదటి ఉత్తరంలోనే నాలుగు కలుపుకోమని రాశానా లేదా?

ఇల్లు లేపుకున్నది నేనొక్కదాన్నే. మిగతా ముప్పైతొమ్మిది ఇళ్లూ నేలమీదే ఉన్నాయి. పక్కింట్లో పదకొండు రోజుల పసిగుడ్డుంది. మంచానికి రెండిటుకల ఎత్తు పెట్టుకుని పడుకుంటోంది ఆ బాలింత. మీ పార్కులో నడిచేవాళ్ల కాళ్లకి రాళ్లు, మా గుమ్మాల్లోకి నీళ్లానా? కడుపు మండిపోతోంది. నా రాళ్లు నాకు పంపు.

కోపంతో,
కొలబద్దమ్మ

తా.క.: "నువ్వు" అన్నందుకేమీ అనుకోకు. మా అబ్బాయినైతే ఇంకా అనేదాన్ని.

*

కొలబద్దమ్మగారికి,

మీ ఉత్తరం చదివి కూర్చున్నాను. మొదటి ఉత్తరం మళ్లీ తీశాను. నిజమే, నాలుగు కలపమని సంతకం కింద ఉంది. మా ఆఫీసు నియమం ప్రకారం సంతకం కింద రాసినవి ఉత్తరంలోకి రావు, వాటిని చదివే సీటే మాకు లేదు.

నేను తప్పు ఒప్పుకుందామనే వెళ్లాను. "దిగిన సముద్రం ఫైలు పైకి వెళ్లిపోయిందయ్యా, మళ్లీ ఎక్కించడం నావల్ల కాదు" అన్నారు పెద్ద ఇంజినీరుగారు. పైగా మీ వీధిలోనే విజయోత్సవ సభ పెట్టమని పైనుంచి ఆదేశం. తేదీ, వేళ, వేదిక స్థలం మీరే సూచించాలట. నన్ను క్షమించండి.

తలవంచుకుని,
ఇంజినీరు

*

శ్రీ ఇంజినీరుగారికి,

అయ్యో, దానిదేముందండీ! పెద్దవాళ్లు దిగిందంటే దిగినట్టే. సభకి వచ్చే పున్నమి రోజు బావుంటుంది. పొద్దున పదింటికి మొదలుపెట్టండి. వేదిక సరిగ్గా మా ఇంటి ఎదుట వేయించండి, అక్కడ వీధి కాస్త పల్లంగా ఉండి నలుగురికీ నీడపట్టున ఉంటుంది. పెద్ద ఇంజినీరుగారు తప్పకుండా రావాలి. ఆయన ఉపన్యాసం ఎంత సేపైనా మేం వింటాం.

వినయంతో,
కొలబద్దమ్మ

తా.క.: ఆ రోజు ఏడాదికల్లా పెద్ద పోటు. పదిన్నరకి వస్తుంది. మెట్లున్నది మా ఇల్లొక్కటే. నేను చెప్పలేదని అనకండి, ఇదిగో చెప్పాను.

*

మా అందరినీ కాపాడిన కొలబద్దమ్మగారికి,

ఈ ఉత్తరం మీ ఇంటి వసారాలో కూర్చుని రాస్తున్నాను. మీరు లోపల మాకు టీ పెడుతున్నారు. పిలిస్తే పలుకుతారు, అయినా ఆఫీసు మాట కాగితం మీదే ఉండాలి కదా.

పొద్దున వీధివాళ్లంతా సామాన్లు అటకెక్కించి, నవ్వుకుంటూ మీ మెట్లమీద కూర్చున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. "ఇక సముద్రం ఈ గడప వైపు తలెత్తి చూడదు" అని పెద్ద ఇంజినీరుగారు బల్ల గుద్దిన నిమిషానికి ఆయన బూట్లలోకి నీళ్లొచ్చాయి. అయినా ఆపలేదు. "విజయం" అనేసరికి మోకాళ్ల దాకా వచ్చాయి, మైకు పట్టుకునే మీ మెట్లెక్కారు. కుర్చీలు అటు బేకరీ వైపు తేలిపోతుంటే మేమంతా చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక ఆయన మొహం చూశాం.

నవ్వుతూ రాస్తున్నాను గానీ అమ్మా, భయం వేసింది. పక్కింటి బాలింత పసిబిడ్డని నా చేతుల్లో పెట్టి పొడి గుడ్డలకోసం వెళ్లింది. నీళ్లు ఆవిడ గుమ్మం దాటి లోపలికి వెళ్లడం నేను ఆ బిడ్డనెత్తుకుని చూశాను. ఇన్నాళ్లూ నేను ఫారాల మీద చూసిన అంకెలు ఇవే.

పెద్ద ఇంజినీరుగారు ఇప్పుడు మీ దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. పోటు తగ్గేదాకా పడవ రాదని తెలిశాక కలం అడిగారు.

కృతజ్ఞతలతో,
ఇంజినీరు

తా.క.: పార్కు నడకదారి రద్దు. నలభై పడవల రాళ్లూ ఎల్లుండి మీ వీధికి బయల్దేరతాయి, సంతకమైపోయింది. కావాలనే ఇక్కడ రాస్తున్నాను, ఇక నుంచి మా ఆఫీసులో ఉత్తరాలు కింది నుంచి పైకి చదువుతాం.

మరో తా.క.: మీరు టీ పనిలో ఉన్నారని ఈ నెల కొలత వెనకగోడ దగ్గర వంగి నేనే తీశాను. బద్దపై మూడడుగుల ఆరంగుళాలు. ఫారంలో నాలుగు కలిపే రాశాను.