నా కుడి తొడ కణాలను నాకు చూపించుట గురించి

కండరాల పరిశోధన కేంద్రం సంచాలకులు గారి సముఖమునకు, కుట్టుపని చేసుకొను అర్జీదారుడు వ్రాసుకొన్న మనవి.

అయ్యా,

విషయం: రాబోవు శనివారం పారవేయనున్న నా కణాలను ఆలోపు ఒక్కసారి చూచుటకు అనుమతి కోరుట.

1. అర్జీదారునకు కాళ్లలో కండ కరిగిపోవు జబ్బు కలదు. మిషను తొక్కలేక మోటారు బిగించుకొన్నాడు. తమవారు కోరగా కుడి తొడనుండి చిక్కుడుగింజంత కండ ఇచ్చియున్నాడు. అందుకు ప్రతిఫలమేమియు కోరలేదు, ఇప్పుడును కోరుట లేదు.

2. కుట్లు విప్పించుకొనుటకు వచ్చినపుడు, నా కండ ఏమైనదని తమ ల్యాబు అమ్మాయిని అడిగితిని. ఆమె చెప్పిన సంగతి యథాతథముగా:

"బాబాయ్, ఒంటరి కణం కండ అవ్వదు. రెండు కణాలు ఆనుకోవాలి, పైపొర మీదున్న ప్రొటీన్లు పని మొదలెట్టాలి, అప్పుడు మధ్యలో గోడ పోయి ఒకటవుతాయి. అలా చాలా కలిస్తే ఒక పోగు. మీవాటికి ఆ ప్రొటీన్లు తక్కువ. పక్కపక్కనే ఉంటాయిగానీ కలవవు."

"అయితే పారేశారా అమ్మా?"

"అయ్యో లేదు! ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరివి తెచ్చి కలిపాం. చక్కగా కలిసిపోయాయి. ఇప్పుడు పోగు కదులుతోంది కూడా."

ఆ మాట విన్నది మొదలు అర్జీదారునకు పనిమీద మనసు నిలుచుట లేదు. ఒక చొక్కాకు రెండు ఎడమ చేతులు కుట్టినాడు.

3. మరుసటి వారం చూడవచ్చితిని. చూడబోవువారు వట్టి చేతులతో పోరాదని పళ్లు కూడ తెచ్చితిని. గేటు కాపలాదారు "ఎవరిని చూడాలి?" అనెను. "నన్నే" అంటిని. "దానికి ఇంత దూరం ఎందుకండీ, ఇంట్లో అద్దం లేదా?" అని నవ్వి, మళ్లీ జాలిపడి, "లోపల మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగెను. ఉన్నారనేశాను. ఆ మాట అని ఎన్నేళ్లయిందో, అయ్యా. ఆయన లోపలికి మాత్రం పంపలేదు.

4. కండకు దెబ్బ తగిలితే, పక్కనే నిద్రపోతున్న కణాలు లేచివచ్చి ఆ పోగులో కలిసిపోయి బాగుచేస్తాయని కూడా ఆ అమ్మాయే చెప్పింది. నేను మెట్లమీద పడ్డప్పుడు ఎవరూ లేచి రాలేదు. పైవాటాలో టీవీ మోగుతూనే ఉంది. రెయిలింగు పట్టుకుని నేనే లేచాను. ఇది తమ కార్యాలయమునకు సంబంధించిన ఫిర్యాదు కాదని ఎరుగుదును, అయినను చెప్పుకొనుటకు వేరు కార్యాలయము లేదు.

5. పని పూర్తయినందున శనివారం అన్నిటిని పారవేయుదురట. వద్దనుటకు నాకు హక్కు లేదు. నాది అన్నది ఇంకొకరితో కలిసి కదులుట ఒక్కమారు కన్నులార చూచెదను. దేనినీ తాకను, మాట్లాడను.

కావున తాము దయతో చిత్తగించి, శనివారం లోపల తలుపు తీయించవలెను.

తమ విధేయుడు,
కుడి తొడ ఇచ్చిన దర్జీ

తా.క. ఆ రెండో మనిషి ఎవరో చెప్పకూడదట. పేరు వద్దు. ఆడో మగో కూడా వద్దు. వాళ్లకీ ఒక కబురు పంపండి, చూడాలనుంటే రమ్మని. శనివారం దాకా నేను రోజూ గేటు దగ్గరే ఉంటాను. ఈసారి పళ్లు ఇద్దరికీ సరిపడా తెస్తాను.